నికెల్ రేణువు మీద వెంట్రుక

అక్కా,

ఎవరో వచ్చి చెప్పేలోపు నేనే చెబుతున్నాను. బావ కుడి మణికట్టు విరగ్గొట్టింది నేనే.

మా ల్యాబు కొలిమిలో, గాజు గొట్టంలోని నికెల్ పొడి మీదికి గ్యాస్ వదులుతాం. గ్యాస్‌లోని కార్బన్ ఒక్కో రేణువులోకి ఇంకి, అవతలివైపు నుంచి వెంట్రుకలా పొడుచుకొస్తుంది. ఈసారి బావ పొడి ఎక్కువేశాడు. వెంట్రుకలు పెరిగి గొట్టాన్నే పూడ్చేశాయి. లోపల గ్యాస్ ఒత్తిడి పెరిగిపోతోంది. ఎర్రగా కాలుతుండగానే, ఎంత పెరిగిందో చూడాలని మూత విప్పబోయాడు.

"వద్దు బావా, గాలి తగిలితే పేలుతుంది!" అని అరిచాను.

"నాకే నేర్పుతావురా?" అన్నాడు.

స్పానరుతో చేతి మీద ఒక్కటిచ్చాను. ఎడమ చేత్తో నా దవడ పగలగొట్టాడు. ఇద్దరం నేల మీద కొట్టుకుంటుండగానే లోపలి ఒత్తిడికి గొట్టం పేలింది. బావ నిలబడ్డచోట, ఛాతీ ఎత్తున, గోడ నిండా గాజుపెంకులు దిగాయి.

బావ నాతో మాట్లాడటం లేదు. చెయ్యి అతుక్కున్నాక రెండో దవడ కూడా పగలగొట్టమను. కొట్టడానికి మనిషంటూ మిగిలాడు, నాకదే చాలు.

నీ తమ్ముడు