కోత మచ్చ కింది గడ్డ

బుధవారం, వాన

ఇవాళ మా కోడలు సరితకు మణుగూరు దవాఖానాలో సూది పరీక్ష అయింది. కాన్పు ఆపరేషన్ కోత దగ్గర ఆమెకు గడ్డ ఉంది. ముట్టు రాగానే అది ఉబ్బి నొప్పితో ప్రాణం తీస్తుంది. ముట్టులో ఊరు దాటకూడదని మా ఇంటి కట్టుబాటు. అందుకని తలస్నానం అయ్యాకే చూపించేవాళ్లం. అప్పటికి గడ్డ అణిగిపోయేది. ఉబ్బినప్పుడే రమ్మని డాక్టరమ్మ కోప్పడితే ఈసారి ముట్టులోనే బయలుదేరాం.

డాక్టరమ్మ గడ్డలోకి సన్నసూది గుచ్చి, వచ్చిన చుక్కను గాజు పలక మీద పూసింది.

"సూది తగిల్తే గడ్డ పెరుగుతదంటరు. క్యాన్సర్ గిట్ల కాదు గద అమ్మా?" అన్నాను.

"గర్భసంచి లోపలి పొర కణాలు కోతల చిక్కుకున్నట్టున్నయ్. ఎండోమెట్రియోసిస్ అంటరు. గదే అయితే క్యాన్సర్ కాదు. మైక్రోస్కోపుల చూసి శుక్రవారం చెప్త."

"సూది నాకు గుచ్చితే నువ్వెందుకు కండ్లు మూసుకున్నవ్ అత్తమ్మా?" అని సరిత నవ్వింది.

శుక్రవారం దాకా ఎలా ఉండను? అదే కాకపోతే? సరిత బిడ్డ ఇంకా చంక దిగలేదు...

ఇంటికి రాగానే సరిత అలవాటుగా చాప తీసుకుని వసారాలోకి పోయింది.

"జల్లు కొడ్తంది, లోపల పండుకో" అన్నాను.

"లోపల దేవుడున్నడు గద!"

దేవుడి పటాలకు తువ్వాలు అడ్డం కట్టాను. ఇప్పుడు లోపలే నిద్రపోతోంది. తప్పో ఒప్పో తెలియదు. స్వామికి కోపమొస్తే ఆ తువ్వాలు కట్టిన చేతుల మీద చూపించాలి, శుక్రవారం వచ్చే రిపోర్టు మీద కాదు.