అత్తయ్య ఫోల్డరు

అత్తయ్యా,

ఈరోజు మీ సంవత్సరీకం. భోజనాలయ్యాక భజనలు పెడదామని మీ అమ్మాయి మన ఇంటి కంప్యూటర్లో మీ పేరున్న ఫోల్డరు తెరిచింది. నా పాటల్లో కలవకుండా విడిగా పెట్టించుకున్నారే, అదే. చుట్టాలందరి ముందూ పాత సినిమా క్లబ్బు పాట హోరెత్తింది. ఫోల్డరు నిండా అలాంటివే.

"ఇవి అమ్మవా వదినా?"

"కాదు, నావే. పొరపాటున కలిశాయి."

"అమ్మ పేరు మీద ఇవేంటి? తీసెయ్."

మొత్తం చెరిపేశాను.

సాయంత్రం మామయ్యగారు పక్కన కుర్చీ వేసుకున్నారు.

"మీ అత్తయ్య పొద్దున్నే వినే క్లబ్బు పాట పెట్టమ్మా."

"కంప్యూటరు పాడైందండీ," అన్నాను.

"సరే, బాగయ్యాక విందాం."

రేపు తిరువూరు బజారులో సీడీ కొట్లన్నీ తిరుగుతాను. కానీ వాటిలో మీరు పొద్దున్నే వినేది ఏ పాటో మిమ్మల్ని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఆయన్ని అడిగే ముఖం లేదు.