బుట్ట దిగే వేళ

3 జూన్ 2025, మంగళవారం

మా పాప మణికి ఈ రోజుతో పందొమ్మిది నెలలు. మాట లేదు. అమ్మ అనదు, నాన్న అనదు, ఇక్కడి హిందీలో నీళ్ళకి పానీ అని కూడా అనదు. స్మృతి నగర్ డాక్టరమ్మ చెవులు టెస్ట్ చేయించింది, బాగానే ఉన్నాయట. ఇంట్లో పాపతో రోజంతా ఎవరు మాట్లాడతారని అడిగింది.  స్నానం చేయిస్తూ, అన్నం పెడుతూ, బట్టలు మడత పెడుతూ, చేసే ప్రతి పనీ పైకి చెబుతూ ఉండమంది. నెలాఖరుకి ఒక్క మాటైనా రాకపోతే రాయ్‌పూర్ పెద్దాసుపత్రికి రాసిస్తానంది.

చెప్పడం తేలికే. మా ఇంట్లో ఒక పూట ఉండి చెప్పమనండి.

4 జూన్

రెండు గదుల క్వార్టర్, ఫస్ట్ ఫ్లోర్. మా ఆయన మనోజ్‌కి ఈ మధ్య నెలకి నెల నైట్ షిఫ్టే. ఏడున్నరకి వచ్చి పడుకుంటే రెండింటికి లేస్తాడు. అంతవరకు కుక్కర్ పెట్టను, మిక్సీ తీయను. స్టీల్ ప్లాంట్‌లో ఫర్నేస్ దగ్గర నిద్రమత్తులో తూలితే ఏమవుతుందో నాకు తెలియనిది కాదు. అందుకే నోరు మూసుకున్నాను. పిల్ల కూడా మూసుకుంది. మేం దానికి నేర్పిన మొదటి పాఠం పెదవుల మీద వేలు.

6 జూన్

బాత్రూం తలుపేసుకుని మొదలుపెట్టాను. నీళ్ళు పోస్తున్నా, సబ్బు రాస్తున్నా, చెయ్యి తుడుస్తున్నా. అంతా గుసగుసలే. మణి కాసేపు నా మొహంలోకి చూసి, తడి చేత్తో నా నోరు మూసింది.

ఏడుపొచ్చింది.

9 జూన్, ఉదయం 9

కింద కూరలమ్మే సబ్జీ బండి రాగానే మామగారు బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట దింపుతారు. మా మామగారు నూకరాజుగారంటే ప్లాంట్‌లో ముప్ఫై రెండేళ్ళు క్రేన్ కింద నిలబడి చేతులతో సిగ్నల్ ఇచ్చిన మనిషి. ఆ మోతకి చెవులు పోయాయి. వేలు కిందికి తిప్పితే దింపు, పైకి తిప్పితే ఎత్తు, అరచెయ్యి అడ్డంగా ఊపితే ఆపు. ఇప్పుడు సిగ్నల్ ఇచ్చేది మణి, తాడు వదిలేది ఆయన. ఒక్క మాట ఉండదు. ఇద్దరికీ ఎంత సంబరమో.

ఇన్నాళ్ళూ ఆట అనుకున్నాను. మంచం ఎక్కాలన్నా వేలు పైకి తిప్పుతోంది. అన్నం చాలన్నా అరచెయ్యి ఊపుతోంది. చేతులతోనే పని జరిగిపోతుంటే నోరెందుకు తెరుస్తుంది? ఒళ్ళు మండిపోయింది.

10 జూన్

అనేశాను. మీ సైగల వల్లే పిల్లకి మాట రావడం లేదు, మానేయండని. చెవి దగ్గరికి వెళ్ళి మరీ అన్నాను.

11 జూన్

మామగారు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. మణి ఎదురుగా నిలబడి వేలు తిప్పింది. మళ్ళీ తిప్పింది. ఆయన గోడకేసి చూశారు. నేను మెట్లు దిగి వంకాయలు తెచ్చుకున్నాను.

14 జూన్

మణి ఎవరినీ ఏమీ అడగడం లేదు.

17 జూన్

పక్కింటి సూర్యావతిగారు తెలుగు మానేసి హిందీ ఒక్కటే మాట్లాడమని సలహా ఇచ్చింది. మా ఇంట్లో రెండూ లేవు తల్లీ అనాలనిపించింది. 

20 జూన్, శుక్రవారం

తప్పు నాదేనని మామగారికి చెప్పాను. సైగ చేయండి, దాంతోపాటు మాట కూడా అనండి అని బతిమాలాను. ఆయన తొడల కింద పెట్టుకున్న చేతులు బయటికి తీశారు.

"నా గొంతు నాకినపడదమ్మా. ఎంత గట్టిగా అంటన్నానో తెల్దు. పడుకున్న మనోజ్ నెగిసిపోతాడని నోరు కట్టేసుకున్నాను."

ఐదేళ్ళుగా ఈయన మాటకారి కాదనుకుంటున్నాను. సిగ్గేసింది.

21 జూన్

మనోజ్‌తో పెద్ద గొడవ. బుట్ట దింపేటప్పుడు గట్టిగా మాట్లాడుకోవడానికి రోజూ తొమ్మిదింటికి ఒక్క అరగంట మాకొదిలెయ్యమన్నాను. డ్యూటీలో తూలితే ఏటి చేస్తావన్నాడు.   సాయంత్రానికి ప్లాంట్‌లో ఇచ్చే ఇయర్ ప్లగ్స్ ఉన్నాయిలే, అయినా నాన్న గొంతుకి అవేం ఆగుతాయన్నాడు.

23 జూన్

ఆగలేదు. మామగారు "దింపూ" అనేసరికి కింద బండివాడు తక్కెడ వదిలేశాడు. మనోజ్ లేచి కూర్చున్నాడు. మణి బెదిరి ఏడ్చింది.

28 జూన్

ఆరు రోజులు. మనోజ్ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. డ్యూటీ నుంచి తిరిగొచ్చేదాకా నాకు భయమే. మనోజ్ నిద్ర పాడైంది గానీ మణికి మాట మాత్రం రాలేదు. ఎల్లుండి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. రేపటితో ఆపేస్తాను. ఇక నా వల్ల కాదు.

29 జూన్, ఆదివారం, ఉదయం 9.10

మణి రెండు చేతులతో గ్రిల్ పట్టుకుని ఉంది. వేలు తిప్పలేదు. "దింపూ" అంది, అచ్చం తాతంత గట్టిగా.

ఆయనకి వినపడలేదు. దాని నోరు చూసి తాడు వదిలారు.

"గుంట అన్నాదేటమ్మా?" అని నన్నడిగారు.

అవునని తల ఊపాను. వేలు కిందికి తిప్పి చూపించాను.