నాలుగు డిగ్రీల తేడా

బరంపురం లంజిపల్లిలో కాపురముంటున్న, టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైన, కీర్తిశేషులు లక్ష్ముడు గారి పెద్ద కొడుకు ధర్మలింగం అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, మతి స్థిమితంగా ఉండగా రాయించిన వీలునామా ఇది. గుండె బలహీనపడిందని డాక్టరు అన్నారు. బుద్ధి గురించి ఏమీ అనలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా స్నేహితుడు, వకీలు లోకనాథ్ గారిది.

1. లంజిపల్లి ఇల్లు, బ్యాంకులో నా పేర ఉన్న సొమ్ము నా భార్య సాయిపద్మకు సర్వహక్కులతో చెందాలి. ఆమె తదనంతరం మా ఏకైక కుమార్తె కీర్తికి. నేను బీరు కాచుకునే మేడమీద గదిని సాయిపద్మ కడిగించుకోవచ్చు. "ఈ పులుపు వాసన నా సీరలకి కూడా ఎక్కేసినాది" అని ఆమె చాలాకాలంగా అంటోంది.

2. ఖల్లికోటలో నా వాటాకు వచ్చిన పొలం కీర్తికి చెందాలి. గట్టుకు అవతల ఉన్నది నా తమ్ముడు శ్యామసుందర్ పొలం. గట్టు జరిగిందని నేను ఎన్నడూ అనలేదు. అయితే ఒకే వాన, ఒకే విత్తనం, ఒకే ఎరువు వేసినా వాడి వైపు వరి జానెడు ఎత్తు పెరుగుతుంది. కీర్తి కావాలంటే కొలిపించుకోవచ్చు.

3. నా థర్మామీటరు గురించి రాసే ముందు జరిగినది చెప్పాలి, లేకపోతే నా వాళ్ళు తలా ఒక విధంగా చెప్పుకుంటారు. చోళ్ళు, అంటే రాగులు, మొలకెత్తించి, ఎండబెట్టి, మర పట్టించి, ఆ పిండితో బీరు కాయడం మా ఇంట్లో మొదలుపెట్టింది నేను. రిటైరయ్యాక పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. శ్యామసుందర్ నన్ను చూసి నేర్చుకున్నాడు. విశాఖపట్నం వెళ్ళినప్పుడు ఒకే అంగడిలో రెండు గాజు థర్మామీటర్లు కొని, ఒకటి నాకిచ్చి ఒకటి తను ఉంచుకున్నాడు. పిండి కలిపిన నీళ్ళు అరవై ఐదు డిగ్రీల దగ్గర నిలవాలి. నేను సరిగ్గా అక్కడే నిలిపేవాణ్ణి. అయినా నాది పలచగా, పుల్లగా వచ్చేది. వాడిది తేనెరంగులో, నురగ దిగకుండా ఉండేది. మా మేనల్లుడి పెళ్ళినాడు చుట్టాలందరూ వాడి సీసాలే ఖాళీ చేశారు. నావి వెనక్కి మోసుకొచ్చాను.

ఆ పెళ్ళైన మరుసటి సంవత్సరం రథయాత్రకు అందరూ మా ఇంట్లో భోజనాలకు కూర్చున్నప్పుడు నేను అడిగేశాను. మంచి థర్మామీటరు తను ఉంచుకొని, పాడైనది అన్నకిచ్చాడా అని. శ్యామసుందర్ విస్తరి ముందు నుంచి లేచాడు. "అన్నియ్యా, నువ్వు ఇంత మాట అంటావని అనుకోనేదు" అని చెయ్యి కడుక్కొని ఖల్లికోట రైలెక్కాడు. ఆ తరువాత మాటలు లేవు.

కొన్నాళ్ళకు సాయిపద్మ నాకు చెప్పకుండా ఖల్లికోట వెళ్ళి వాడి థర్మామీటరు అడిగి తెచ్చింది. మంచుగడ్డ నలగ్గొట్టి, చెంబులో వేసి, కాసిని నీళ్ళు పోసి, రెండింటినీ నా కళ్ళెదుటే అందులో నిలబెట్టింది. సున్నా చూపాల్సిన చోట నాది నాలుగు చూపింది. నా అనుమానం నిజమైందని సంతోషించేలోపు వాడిది చూశాను. అదీ నాలుగే. "మరిది కొన్న రోజే మంచులో ఎట్టి సూసుకున్నాడట. అరవై తొమ్మిది సూపితే అరవై ఐదని లెక్కేసుకుంటాడు. ఆ సంగతి అప్పుడే ఫోనులో నాకు సెప్పినాడు, నేను మీకు సెప్పినాను. మరిది పేరు ఎత్తగానే మీరు టీవీ సౌండు పెంచినారు" అంది సాయిపద్మ.

పాడైన వస్తువుతోనే వాడు నాకంటే బాగా చేశాడు. వాడిది మంచిదై ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. పైగా వదినా మరుదులిద్దరూ ఫోనులో డిగ్రీలు మాట్లాడుకోవడం, నాకు ఆఖరున తెలియడం.

ఆ తరువాత నేను లెక్క సవరించి కాచినది చాలా బాగా వచ్చింది. ఎదురింటి అప్పలరాజు గారు ఒక గుక్క తాగి, "ఇది మీ తమ్ముడు పంపించినదేటండి?" అని అడిగారు.

4. కనుక సదరు థర్మామీటరు కీర్తికి. ఏడాదికోసారైనా మంచులో పెట్టి చూసుకోవాలి. గిన్నెలో ముంచేముందు బాగా కలపాలి. అడుక్కి, అంచుకి తగలనివ్వక మధ్యలో పట్టుకోవాలి. ఎర్రగీత కదలడం ఆగాకే చదవాలి. ఈ పద్ధతి చిన్నాన్నదని ఆమె నలుగురిలో చెప్పుకోవచ్చు. నాకు అభ్యంతరం లేదు, నేను వినను కనుక.

5. మా అమ్మ ముసలమ్మ గారి రాగి డేగిసా శ్యామసుందర్‌కు. అమ్మ పోయేముందు అది వాడికే ఇమ్మంది. పెద్దవాణ్ణి కనుక నేను ఉంచుకున్నాను. ఇప్పుడు ఇస్తున్నది అమ్మ మాట కోసం కాదు. క్రితం నెల నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వాడు పిలవకుండానే వచ్చి, పొద్దున్నే నా గడ్డం గీసి, నోట్లో జావ పోశాడు. పెళ్ళినాటి మాట గానీ, రథయాత్రనాటి మాట గానీ ఎత్తలేదు. అక్కడి నర్సు కూడా "మీ తమ్ముడు ఎంత మంచోడండీ" అంది. నేను ఆ వార్డులో ఉన్నన్ని రోజుల్లో ఎవరూ నన్ను ఆ మాట అనలేదు.

6. నా చితికి నిప్పు కీర్తి పెట్టాలి. కులపెద్దలు అడ్డు చెబితే లోకనాథ్ గారు ఈ కాగితం చూపాలి. పాడె ముందుకొన కుడివైపు శ్యామసుందర్ పట్టాలి. వరిలో, నురగలో, అమ్మ దగ్గర, నర్సు దగ్గర, అన్నింటా వాడే ముందు. ఈ ఒక్కదానిలో నేను ముందు వెళ్తున్నాను. వాడు తొందరపడి నా వెనకే రాకూడదు. ఇది కోరిక కాదు, షరతు.

చదివించుకుని విని, సమ్మతించి సంతకం చేశాను.

బరంపురం, 11 ఆగస్టు 2024

(సంతకం) ల. ధర్మలింగం

సాక్షులు:
1. అప్పలరాజు, ఎదురిల్లు, లంజిపల్లి
2. పుణ్యవతి, కీర్తి అత్తగారు, బరంపురం