మెట్ల మీది గిన్నె

బిగ్ పైన్ కీ, ఫ్లోరిడా
మార్చి 2009

దమయంతి వదినకి,

క్యారీలో మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఒక పాత ఫోటో కోసం రాస్తున్నాను.

నువ్వు మా ఇంట్లో గడిపిన ఆ సమ్మర్ గుర్తుందా? సాయంత్రాలు వెనక మెట్ల మీద కూర్చునేవాళ్లం. ఎదురుగా ఉప్పునీటి చిత్తడి, నడుమెత్తు గడ్డి, అందులోంచి తొంగిచూసే పొట్టి చెవుల కుందేళ్లు. మిగిలిన పెరుగన్నం గిన్నెలో పెడితే వీధి పిల్లులన్నీ చేరేవి. "పాపం, నోరులేని జీవాలు, ఇంకో ముద్ద వెయ్యమ్మా" అనేదానివి. నువ్వు వెళ్లాక కూడా పదేళ్లు వేశాను.

గడ్డి ఇప్పటికీ అలాగే ఉంది. కుందేళ్లే లేవు. ఈ రకం ఈ దీవుల్లో తప్ప ఎక్కడా లేదట. కూనల్ని పిల్లులే తినేశాయని నిన్న కుందేళ్ల సర్వేకి వచ్చిన అమ్మాయి చెప్పింది. ఎవరైనా తిండి పెడుతున్నారా అని అడిగింది. నేను కాఫీ కలపడానికి లోపలికి వెళ్లిపోయాను.

ఇక్కడ కుందేళ్లు ఉండేవని ఆధారం దొరికితే మళ్లీ తెచ్చి వదిలే ప్రయత్నం చేస్తారట. నువ్వు తీసిన ఫోటోలో గడ్డి అంచున రెండున్నాయి. ఇవతల మెట్టు మీద మన గిన్నె, చుట్టూ పిల్లులు కూడా ఉన్నాయి.

ఆ అమ్మాయికి నోటితో చెప్పలేకపోయాను వదినా. గిన్నెను కత్తిరించకుండా పంపు.

నీ ఆడపడుచు