వెలుగు తగిలిన చోట

చిక్కడపల్లి,
8 జనవరి 1996

మీకు,

రామగుండంలో వేళకు తింటున్నారని తలుస్తాను. ఇక్కడ అత్తయ్య, నేను బాగానే ఉన్నాం. మిమ్మల్ని అడగకుండా ఒక పనికి ఒప్పుకున్నాను. కోప్పడకుండా చదవండి.

నా గొంతులో పులిపిరికాయల్లాంటివి మళ్లీ పెరిగాయి. ఆపరేషన్ చేసి తీసేసిన ప్రతిసారీ వస్తున్నాయి. వాటిని పుట్టించే వైరస్ లోపలే ఉండిపోతుందట. డాక్టర్ దక్షిణామూర్తి గారు కొత్త వైద్యం ఒకటి చేసి చూస్తున్నారు. నరానికి మందు ఎక్కించి, రెండు రోజులాగి, సన్నటి గొట్టంతో గొంతులోకి ఎర్రటి వెలుగు పంపుతారు. "మందు ఒక్కటే ఏమీ చేయదమ్మా, వెలుగు తగిలిన చోటే పనిచేస్తుంది. కానీ మందు ఒళ్లంతా ఉంటుంది కాబట్టి ఆరు వారాలు ఎండ సోకకూడదు, సోకితే చర్మం కాలిపోతుంది. తగ్గుతుందని మాత్రం మాట ఇవ్వలేను" అన్నారు. సరేనన్నాను. వచ్చే సోమవారమే మందు ఎక్కిస్తారు.

ఎందుకు అడగలేదో కూడా రాయాలి. దసరా తర్వాత నారాయణగూడ చౌరస్తాలోని ఎస్టీడీ బూత్ నుంచి మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే మీరే ఎత్తారు. "ఎవరు భాయ్? జర గట్టిగ మాట్లాడు" అన్నారు. మళ్లీ మాట్లాడాను. నా బొంగురు గొంతు విని ఎవరో మగమనిషి అనుకుని, రాంగ్ నంబర్ అని పెట్టేశారు. మీ తప్పు కాదు. కానీ ఆ రోజు నుంచి మీతో నోరు విప్పాలంటేనే భయమేసింది. పాత గొంతు తిరిగి రాకపోతే బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం మానేస్తాను. అదీ తేల్చుకున్నాను.

మీ నవత


చిక్కడపల్లి,
11 మార్చి 1996

మీకు,

మీరు సెలవు పెట్టి వచ్చి కిటికీలకు దుప్పట్లు కొట్టిన గది ఇప్పుడు ఖాళీ. పొద్దున అత్తయ్య వాటిని తీసేసి ఉతకడానికి వేసింది. ఆ చీకట్లో మీరు నా పక్కన కూర్చుని, "నీ గొంతు నేనే గుర్తుపట్టకపోతే ఇంకెవరు పడ్తరు? గింత బాధ ఒక్కదానివే ఎట్ల మోసినవ్?" అన్నారు. డాక్టరు మాట్లాడొద్దన్నారు కాబట్టి మీ చెయ్యి పట్టుకున్నాను. నాకు అది చాలు.

డాక్టరు గారు మొన్న చూశారు. చాలావరకు పోయాయి, ఒక మూల చిన్నది మిగిలిందట. మళ్లీ పెరిగితే మళ్లీ వెలుగు పెడతారు. పాత ఆపరేషన్ల మచ్చల వల్ల గొంతు మాత్రం ఇంతే అన్నారు.

అందుకే ఇవాళ ఎండలో నడుచుకుంటూ బడికి వెళ్లాను, పిల్లలకు చెప్పి మానేద్దామని. ఏడో తరగతి గదిలో నిలబడి, "నా గొంతు ఇంక ఇట్లనే ఉంటది, రేపటి నుంచి నేను రాను" అన్నాను.

"వినబడ్తలేదు మేడం" అన్నది వెనక నుంచి ఒకమ్మాయి.

మళ్లీ చెప్పేలోపే వెనక వరుసల వాళ్లు లేచి బెంచీలు ముందుకు లాగడం మొదలుపెట్టారు. గదంతా ఒకటే చప్పుడు. నల్లబల్లకు బారెడు దూరంలో ఇరుక్కుని కూర్చుని, లెక్కల పుస్తకాలు తెరిచారు.

"ఇప్పుడు చెప్పండి మేడం."

నేను చాక్‌పీస్ తీసుకుని భిన్నాలు మొదలుపెట్టాను.

మీ నవత