పాదాలు చల్లబడిన ఆదివారం

ప్రియమైన అత్తమ్మకు కోడలు గ్రేసమ్మ వందనాలు.

ఒడిశా గనుల ఊళ్ళో మేము ముగ్గురం క్షేమం. ఈ మాట ఇప్పుడు నిజంగానే రాస్తున్నాను. దేశనూరులో నువ్వు, మామయ్య బాగున్నారా? మామయ్య మోకాలి నొప్పి తగ్గిందా? పాపకు బడి పరీక్షలు కాబట్టి నేను రాలేను. నీ కొడుకు సండూరు వైపు వచ్చే తోటి టిప్పరు డ్రైవరుతో మీ దగ్గరికి రైలెక్కుతున్నాడు. ఉత్తరం ఆయన సంచిలోనే పెడుతున్నాను. ఫోనులో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను సగంలో ఆపేస్తాను.

ఇక్కడ వాన విడవడం లేదు. సండూరు దగ్గర తారానగర్ గనుల్లో ఎర్రదుమ్ము తిన్నాం, ఇక్కడ ఎర్రబురద తొక్కుతున్నాం, అంతే తేడా. ఏ కూరలో చూసినా ఆలుగడ్డే. తెలుగు మాట ఇంట్లో తప్ప వినపడదు. దోమలకు మాత్రం కొదవ లేదు. దోమతెర కట్టుకోమంటే నీ కొడుకు "సండూరు దుమ్ముకే సావలేదు, దోమకు సస్తానా?" అన్నాడు. ఆయన మాటలు నీకు తెలియనివా!

ఆయనకు చలిజ్వరం రాగానే మామూలుదే అనుకుని మాత్రలు వేసి కంబళి కప్పాను. ఆ ఆదివారం పొద్దున ఒళ్ళంతా చెమట పట్టింది. అప్పుడే నువ్వు ఫోను చేశావు.

"మే గ్రేసీ, కాళ్ళు ముట్టి చూడు. సల్లగుండాయా?"

"సల్లగుండాయి అత్తమ్మా."

"అట్లయితే జరం దిగినట్లే. ఇంగ భయం లేదు."

నీ కొడుకు కూడా లేచి కూర్చుని రొట్టె అడిగాడు. సంతోషంగా పిండి కలిపాను. రొట్టె కాలేలోపు నన్ను చూసి "అమ్మా, టిప్పరు తలుపు ఎయ్యి" అన్నాడు. ఎగతాళేమో, ఇప్పుడు నవ్వుతాడని చూశాను. నవ్వలేదు. పక్కింటివాళ్ళ జీపులో ఆసుపత్రికి తీసుకుపోయాను.

డాక్టరమ్మది హిందీ. సిరుగుప్ప సంతలో నేర్చుకున్న ఉర్దూ పనికొచ్చింది. జ్వరం దిగింది, కాళ్ళు చల్లగా ఉన్నాయి, మాట మాత్రం తేడాగా ఉందని చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకొని ఆయన పొట్ట మీద పెట్టింది. కాలే పెనంలా ఉంది. తర్వాత ఆయన వేలిగోరు నొక్కి వదిలింది. తెల్లబడిన గోరు ఎంతకీ ఎర్రబడలేదు.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. ఇది మలేరియానే, అందులో ప్రమాదమైన రకమట. దీని క్రిమి దూరిన రక్తకణాలు బిగుసుకుపోయి, సన్న రక్తనాళాల గోడలకు అతుక్కుంటాయట. మన పెద్దకాలువ నిండా పారుతున్నా, పిల్లకాలువలో నాచు అడ్డం పడితే చివరి మడి ఎండుతుంది చూడు, అట్లా. గుండె కొట్టుకుంటూనే ఉంది కానీ మెదడుకూ మూత్రపిండాలకూ రక్తం చాలినంత అందడం లేదు. అందుకే మాట తప్పింది, మూత్రం తగ్గింది. పాదాలు చల్లబడింది జ్వరం దిగి కాదు.

"ఇంకో గ్లూకోజు సీసా ఎక్కించండి, బలమొస్తుంది" అని మన ఊరి అలవాటుగా బతిమాలాను. ఒప్పుకోలేదు. నాళాల గోడలు దెబ్బతిని నీరు బయటికి ఊరుతుందట, ఎక్కువ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో చేరుతుందట. నరంలోకి మలేరియా మందు సూది వేసి, నన్ను కూర్చోమంది. కూర్చున్నాను. ప్రార్థన కూడా సరిగా రాలేదు. ఆయన పేరే చెప్పుకుంటూ ఉన్నాను.

మర్నాడు సాయంత్రం కళ్ళు తెరిచి "ఏంది మే, అట్ల సూస్తాండావు?" అన్నాడు. అప్పుడు ఏడ్చాను.

ఇప్పుడు బాగున్నాడు. నిజంగా బాగున్నాడు. అయినా ఈ మందు తర్వాత కొన్ని వారాలకు రక్తం తగ్గవచ్చట, బళ్ళారికి తీసుకుపోయి పరీక్ష చేయించు. మళ్ళీ జ్వరం వస్తే పాదాలు చూసి ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపో. తనకేం కాలేదంటాడు, వినొద్దు. తిరిగొచ్చేటప్పుడు శనగకాయల పొడి పంపు, పాప ఆలుగడ్డ చూస్తే మొహం తిప్పుకుంటోంది.

ఆ రోజు ఫోను పెట్టాక నువ్వు చర్చిలో లేచి నిలబడి, కొడుక్కి జ్వరం దిగిందని స్తోత్రం చెప్పావని మామయ్య అన్నాడు. ఆ గంటలోనే నీ కొడుకు నన్ను గుర్తుపట్టలేదు. నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదు. పొయ్యి దగ్గర నేనూ అదే స్తోత్రం చెప్పుకున్నాను.

మామయ్యకు నా వందనాలు చెప్పు. మా ముగ్గురినీ దీవించు. నీ కొడుకు వాకిట్లోకి రాగానే కాళ్ళకు నీళ్ళిస్తావు కదా, ఇచ్చే ముందు పాదాలు ముట్టి చూడు. వెచ్చగా ఉంటాయి. ఆ స్తోత్రం అప్పుడు ఇంకోసారి చెప్పు.

నీ కోడలు,
గ్రేసమ్మ